ఇనుపచూపు

రత్నగండి రాజ్యానికి ఉత్తరపు కొసన కాకిమెట్ట అనే కొండ ఉంది. సంధ్యవేళ దాని బండలు దానిమ్మగింజల రంగు తేలుతాయి. వానాకాలంలో మేఘాలు దాని నడుము పట్టుకుని వేలాడతాయి. మోదుగులు పూసే రోజుల్లో దూరం నుంచి చూసేవారికి కొండ మొత్తం నిప్పు రాజుకున్న కుంపటిలా కనిపిస్తుంది. ఆ కొండనెత్తిన ఒక కాపలా గుడిసె, ఆ గుడిసెలో మైలమ అనే పడుచు. రాజ్యంలో అంత ఎత్తున కాపురం ఉన్న మనిషి మరొకరు లేరు. అంత ఒంటరిగా బతుకుతున్న మనిషీ లేరు.

ఉప్పూ బియ్యమూ తెచ్చే గాడిదలవాడు మూటలను కొండ దిగువనే దించి వెళ్ళిపోయేవాడు. అతడికి ఎక్కే ఓపిక లేదు. ఆమెకు పిలిచే అలవాటు తప్పింది. ఒక్కోసారి తుపాకి తుడుస్తూ పైకే ఏదో అనేది. అన్నాక తన గొంతుకు తానే ఉలిక్కిపడి, గుడిసె బయటికి వెళ్ళి చుట్టూ చూసి వచ్చేది.

ఆమెను పెంచినవాడు నూంకయ. ఒకప్పుడు రాజ్యంలో పేరుమోసిన గురికాడు. వరదలో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న పసిదాన్ని భుజాన వేసుకుని కొండెక్కాడు. మాటలు నేర్పాడు, వంట నేర్పాడు, తుపాకి పట్టడం నేర్పాడు. ఆమె అతణ్ణి అయ్యా అని పిలిచేది. ఒక వేసవిలో రాజుగారి పిలుపు వస్తే నూంకయ కొండ దిగాడు. తన పాత తుపాకిని గుడిసెలోనే వదిలి, "మబ్బు పట్టేలోగా వస్తానమ్మా" అని వెళ్ళాడు. ఆ తర్వాత ఎన్నో మబ్బులు పట్టాయి, కురిశాయి, వెళ్ళిపోయాయి. నూంకయ రాలేదు.

ఒక మధ్యాహ్నం మెట్ట మీదికి మనుషులు వస్తున్న అలికిడి విని మైలమ గుమ్మంలోకి వచ్చింది. రత్నగండి సేనాపతి గొంకరాజు ఒక భటుడి భుజం మీద చెయ్యివేసుకుని, కాలితో రాళ్ళను తడుముకుంటూ ఎక్కి వస్తున్నాడు. అతడి కళ్ళకు నల్లని పట్టుగుడ్డ కట్టి ఉంది.

"మైలమవేనా?" అన్నాడు సేనాపతి రొప్పుతూ.

"నేనే, సేనాపతీ." ఆమె గొంతు బొంగురుగా వచ్చింది. "కూర్చోండి. ఇక్కడ బండ ఉంది, కుడిచేతి వైపు."

గొంకరాజు కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. "నీ తుపాకి ఒకసారి నా చేతికివ్వు" అన్నాడు.

ఆమె ఇచ్చింది. సేనాపతి వేళ్ళు భుజానికి ఆన్చే కొయ్యమడమ నుంచి మొదలుపెట్టి పొడవాటి గొట్టం వెంట నడిచాయి. మడమకు కాస్త ముందు, నడిమధ్యన చీలిక ఉన్న ఇనుప పలక తగిలింది. పైకీ కిందికీ జరిగే ఆ పలకను జరిపి చూశాడు. గొట్టం చివర వడ్లగింజంత ఇనుపమొన తగిలింది. గురికాళ్ళు దాన్ని గురిగింజ అంటారు. చీలికలోంచి గురిగింజను, గురిగింజ మీదుగా లక్ష్యాన్ని చూసి కాల్చడమే పాతకాలపు విద్య. దానికే ఇనుపచూపు అని పేరు.

"అద్దం లేదు కదా దీనికి?" అన్నాడు సేనాపతి.

"లేదు. అయ్యకు అద్దాలు నచ్చవు."

"మంచిది. ఇక విను."

గొంకరాజు చెప్పిన సంగతి ఇది. కొంతకాలంగా రత్నగండి కమ్మరులు తుపాకుల మీద స్ఫటికపు గొట్టాలు బిగించడం నేర్చారు. వాటిలోంచి చూస్తే కోసెడు దూరాన ఉన్న ఆకు మీద చీమ కనిపిస్తుంది. దాంతో ఇనుపచూపు తుపాకులు మూలపడ్డాయి. కొన్ని కరిగి నాగటికర్రులయ్యాయి. సరిగ్గా అప్పుడే గాలిలోయకు అవతల, శూన్యశృంగం మీద, స్ఫటికాక్షుడనే మాయావి కోట కట్టాడు. వాడి రెండు కళ్ళూ స్ఫటికాలు. అద్దంలోంచి వాణ్ణి ఎవరు చూసినా, వాడి చూపు ఆ అద్దంలోంచే తిరిగివచ్చి చూసినవాడి కంటిని కాల్చేస్తుంది. రత్నగండి తుపాకిదళం మొత్తం ఒక్క ఉదయంలో గుడ్డిదైంది. దళం ముందు నిలబడినవాడు గొంకరాజు.

"ఇప్పుడు నగరంలో అద్దాలన్నీ బోర్లించారు" అన్నాడతడు. "ఆడవాళ్ళు ఒకరి నుదుట ఒకరు బొట్టు దిద్దుకుంటున్నారు. అదేమంత కష్టం కాదులే. అసలు కష్టం వేరే ఉంది. వాడు కోట ముంగిట ఒక మహాస్ఫటికం నిలబెట్టాడు. నడిమింటి ఎండను అందులోంచి తిప్పి ఊళ్ళ మీదికి వదులుతున్నాడు. గడ్డపల్లె కాలిపోయింది. జిల్లేళ్ళవాడ కాలిపోయింది. దాన్ని రోజురోజుకూ నగరం వైపు జరుపుతున్నాడు."

మైలమ తుపాకిని తిరిగి అందుకుంది. తర్వాత, "అయ్య వాడి మీదికే వెళ్ళాడా?" అని అడిగింది.

"వాడి మీదికే. రాజుగారు చేతికిచ్చిన కొత్త స్ఫటికపు తుపాకి తీసుకుని వెళ్ళాడు. వాడి కళ్ళ సంగతి అప్పటికి లోకంలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత కబురు లేదు."

"నేను వెళ్తాను" అంది మైలమ.

"నీతో నలుగురిని పంపనా?"

"వద్దు సేనాపతీ. నలుగురుంటే నాలుగు నీడలు పడతాయి."

మర్నాడు కాకిమెట్ట దిగినది తుపాకిపడుచు కాదు, ఉప్పు అమ్ముకునే మనిషి. మోకాళ్ళ దాకా ఎగగట్టిన ముతకచీర, నుదుట పచ్చబొట్టు, భుజాన కావడి. కావడిబద్ద బొంగువెదురులో తుపాకి గొట్టం దూర్చి ఉంది. ఒక బుట్టలో ఉప్పు కింద కొయ్యమడమ, ఇంకో బుట్టలో ఉప్పు కింద తుపాకిమందు నింపిన సొరకాయబుర్ర. నడుముకు సీసపుగుండ్ల సంచి, చిన్న కొమ్ముబుర్ర, అందులోనూ కాస్త మందు. దాని మూతికి మైనం పూసి ఉంది.

గడ్డపల్లె మీదుగా నడిచింది. ఇళ్ళు లేవు. గోడల మొదళ్ళు నల్లగా మిగిలాయి. ఒక ఇంటి ముందు తిరగలి మాత్రం చెక్కుచెదరకుండా ఉంది, దాని నోట్లో మాడిన జొన్నలు ఉన్నాయి. ఎవరైనా కనిపిస్తే పలకరిద్దామనుకుంది. కుక్క కూడా ఎదురుకాలేదు.

గాలిలోయ దారిలో స్ఫటికాక్షుడి సుంకపుద్వారం ఉంది. ఇనుప తలుపులకు రెండు పక్కలా పింఛం విప్పిన పాలరాతి నెమళ్ళు. ఆ పింఛాల్లోని కన్నులన్నీ అద్దాలు. కావలివాడి చేతిలో పిడి ఉన్న అద్దపుబిళ్ళ. దారిన పోయేవారి మొహాలను అందులోంచి చూడటం వాడి పని. వాడు చూసిందల్లా కోటలో కూర్చున్న మాయావికి కనిపిస్తుంది.

"ఏం మోస్తున్నావే?" అన్నాడు కావలివాడు.

"ఉప్పు, దొరా."

"మొహం ఇటు తిప్పు. కళ్ళు తెరువు."

"ఉప్పుదుమ్ము పడి కళ్ళు మండుతున్నాయి దొరా. తెరిస్తే నీళ్ళు ధారగా కారుతున్నాయి." మైలమ చీరచెంగు కళ్ళకు అదుముకుంది.

వాడు విసుక్కుని అద్దాన్ని దించాడు. కావడిబద్దను చేత్తో ఎత్తి చూశాడు. "వెదురుకు ఇంత బరువేమిటి?"

"మా కొండల్లో ఎలుగులు ఎక్కువ. వట్టి వెదురైతే దాని నెత్తిన ఒక్క దెబ్బకే చీలిపోతుంది. లోపల ఇనుము దిగగొట్టించాను."

కావలివాడు నవ్వాడు. "ఎలుగును కొట్టేదానివి కన్ను తెరవలేకపోతున్నావా?" అంటూ బుట్టలోంచి దోసెడు ఉప్పు తీసుకున్నాడు. వాడి వేళ్ళు కొయ్యమడమకు జానెడు దూరంలో ఆగాయి. "పో. నాగవేణి ఏరు నిండుగా ఉంది. రేవు చూసుకుని దాటు."

ఆ మాట చాలా దూరం ఆమె వెంట వచ్చింది. ఎవరో ఒకరు ఆమె క్షేమం కోరి మాట్లాడి ఎంతకాలమైందో. అలా మాట్లాడినవాడు శత్రువు కావలివాడు.

నాగవేణి నల్లగా, నురగలు కక్కుతూ పారుతోంది. ఆమె నడుములోతుకు దిగిందో లేదో, నెత్తిన రెక్కల చప్పుడైంది. చెట్టంత డేగ. దాని కళ్ళ గుంటల్లో స్ఫటికాలు తళుక్కుమన్నాయి. అది మాయావి పెంచిన వేగుపక్షి. పైనుంచి రాయిలా పడుతూ గోళ్ళు చాచింది. మైలమ కావడితో సహా నీళ్ళలో మునిగింది. డేగగోళ్ళు ఒక బుట్టను చీల్చుకుపోయాయి. ప్రవాహం ఆమెను బండ నుంచి బండకు విసిరింది. ఊపిరి అందక తల పైకెత్తినప్పుడల్లా రెక్కల నీడ. చివరికి ఒడ్డునుంచి వంగిన నేరేడుచెట్టు వేళ్ళ కింద దూరి, బొంగువెదురును రొమ్ముకు హత్తుకుని, డేగ వెతికి వెతికి విసిగిపోయేదాకా కదలకుండా ఉండిపోయింది.

ఒడ్డెక్కి చూసుకుంటే ఉప్పంతా ఏటిపాలైంది. సొరకాయబుర్ర పగిలి మందు బురదైంది. కొయ్యమడమ ఉన్న బుట్ట మిగిలింది. నడుముకు కట్టిన కొమ్ముబుర్ర మైనం చెదరకుండా ఉంది. అందులోని మందు రెండు దెబ్బలకు సరిపోతుంది.

మర్నాటి పొద్దు బారెడెక్కేసరికి ఆమె గాలిలోయ అంచున, చిలుకముక్కులా ముందుకు వంగిన బండ మీద బోర్లా పడుకుని ఉంది. ఎదుట శూన్యశృంగం. నీలిరాతి గోడలు, గోడల మీద వెండిరేకుల బురుజులు, బురుజుల చుట్టూ ఎప్పుడూ తిరిగే తెల్లని పొగమంచు. కోట ముంగిట పెద్ద అరుగు. అరుగు మీద ఏనుగంత మహాస్ఫటికం, దాన్ని తిప్పడానికి ఒక చక్రం, చక్రానికి రెండు పిడులు. మధ్యలో అడుగు కనిపించని లోయ. పావుకోసుకు పైమాటే దూరం.

మైలమ గొట్టాన్ని మడమకు బిగించింది. గొట్టం లోపలి గోడకు మెలిక తిరిగిన గాడులున్నాయి; గుండు ఆ గాడుల వెంట బొంగరంలా తిరుగుతూ పోతుంది, అందుకే దారి తప్పదు. మందు పోసింది. సీసపుగుండును నూనెగుడ్డలో చుట్టి, కడ్డీతో మెల్లగా దిగగూరింది. చీలిక పలకను చివరిమెట్టు దాకా పైకి జరిపింది. చెకుముకిరాయిని తుడిచింది. ఇక చేయాల్సింది ఎదురుచూడటమే. అది ఆమెకు బాగా వచ్చిన పని.

సూర్యుడు నడినెత్తికి వస్తుండగా కోట తలుపులు తెరుచుకున్నాయి. అరుగు మీదికి ఇద్దరు ముసలివాళ్ళు వచ్చారు. ఇద్దరికీ తెల్లని తలపాగాలు, ఇద్దరి కాళ్ళకూ గొలుసులు. ఇద్దరూ కుడికాలు కాస్త ఈడుస్తూ నడిచారు. ఆ నడక మైలమకు తెలుసు. పసితనంలో ఆ నడక చప్పుడు విననిదే ఆమెకు నిద్రపట్టేది కాదు.

ఇద్దరూ నూంకయలే.

ఆమె మొహం తుపాకి మడమకు ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది. అయ్య బతికే ఉన్నాడు. అయితే ఆ ఇద్దరిలో ఒకడు స్ఫటికాక్షుడు. లోయకు ఇవతల ఇనుపచూపు పట్టగలవాళ్ళు ఇంకా మిగిలి ఉంటారని వాడికి తెలుసు. అందుకే బందీ రూపాన్నే కవచంగా తొడుక్కుని బయటికి వస్తున్నాడు. ఇద్దరూ చెరొక పిడి పట్టుకున్నారు. చక్రం కదిలింది. మహాస్ఫటికం మూలుగుతూ తిరిగింది. దాని అంచున ఎండ చిక్కి, చూడలేనంత తెల్లగా మెరిసింది. ఆ మెరుపు ఈసారి దక్షిణానికి, నగరం వైపు తిరుగుతోంది.

మైలమ చీలికలోంచి చూసింది. మనిషి కన్ను మూడింటిని ఒక్కసారే స్పష్టంగా చూడలేదు. చీలికనైనా, గురిగింజనైనా, లక్ష్యాన్నైనా, ఏదో ఒకదాన్నే చూస్తుంది. గురిగింజను చూడు, లక్ష్యాన్ని మసకబారనీ అని నూంకయ నేర్పాడు. ఆమె అలాగే చేసింది. ఇనుపమొన నల్లగా, పదునుగా నిలిచింది. దాని వెనక ఇద్దరు అయ్యలూ మొహాలు లేని రెండు తెల్లమరకలయ్యారు. అది మేలే అయింది. మొహం కనిపిస్తే వేలు కదిలేది కాదు.

ఎవరో తేలలేదు. పైగా గాలి సంగతీ తేలలేదు. తన దగ్గర గడ్డి తూర్పుకు వాలుతోంది. లోయ నడిమిన గద్దలు పడమరకు కొట్టుకుపోతున్నాయి. అరుగు దగ్గర గాలి ఎటు వీస్తోందో తెలియనిదే గుండు ఎక్కడ పడుతుందో బ్రహ్మకైనా తెలియదు.

అప్పుడు ఎడమవైపు మరక కదిలింది. ఆ ముసలివాడు ఒక చెయ్యి పిడి మీద ఉంచి, రెండో చేత్తో తలపాగా కొస విప్పి గాలికి వదిలాడు. గుడ్డ బారున లేచి ఆమె వైపుకు, కొద్దిగా పడమరకు వాలుతూ రెపరెపలాడింది. కుడివైపు వాడు కూడా తలపాగా కొస విప్పి వదిలాడు. అది కూడా అలాగే ఎగిరింది.

మైలమ ఊపిరి బిగబట్టింది. ముందు ఎడమవాడు, తర్వాత కుడివాడు. లోయలో గాలి ఒక్కసారి విరిగింది. ఎడమవాడి గుడ్డ తూర్పుకు తిరిగింది. కుడివాడి గుడ్డ రెప్పపాటు అలాగే ఉండి, అప్పుడు తిరిగింది. మళ్ళీ విరిగింది. మళ్ళీ అంతే. అద్దమైనా ఎదుటిదాన్ని ముందు తాను చూడాలి, ఆ తర్వాతే చూపించాలి. అద్దానికి ఆ రెప్పపాటు తప్పదు.

కుడివాడే మాయావి.

గుండె మడమను లోపలినుంచి తన్నుతున్నట్టు కొట్టుకుంది. ఎడమవైపు గుడ్డ చూపుతున్న గాలికి సరిపడేంతగా గురిగింజను మరకకు పక్కకు, ఉత్తగాలిలోకి జరిపింది. రెండు గుండెచప్పుళ్ళ మధ్య మీట నొక్కింది.

చెకుముకి రవ్వలు రాల్చింది. నిప్పు, పొగ. గుండు లోయ దాటేదాకా ఆమెకు లోకంలో ఏ చప్పుడూ వినిపించలేదు.

కుడివైపు ముసలివాడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ మొహం పగిలిన కుండపెంకుల్లా రాలిపోయింది. తలపాగా రాలింది, ముసలితనం రాలింది, లోపలినుంచి తాటిచెట్టంత నల్లని మాయావి బయటపడ్డాడు. వాడి కుడికంటి స్ఫటికం వెయ్యి ముక్కలైంది. వాడు వేసిన కేకకు బురుజుల వెండిరేకులు గలగలలాడాయి. తూలుతూ వెళ్ళి కోటలోపల పడ్డాడు. తలుపులు ధడాలున మూసుకున్నాయి. మహాస్ఫటికం తిరగడం ఆపి, తన ఎండను ఖాళీ ఆకాశంలోకి వదిలేసింది.

అరుగు మీద నూంకయ ఒక్కడే మిగిలాడు.

"అయ్యా" అంది మైలమ లేచి నిలబడి.

నూంకయ ఆమె వైపు చూడలేదు. చేతులు ముందుకు చాచాడు. చక్రాన్ని తడిమాడు. చక్రం పక్కన గోడను తడిమాడు. గోడ వెంట నాలుగడుగులు వేసి, గొలుసు బిగిసేసరికి ఆగాడు. అతడి చేతులు నడిచిన తీరు చూస్తే ఆమెకు కాకిమెట్ట మీద తుపాకి తడిమిన గొంకరాజు వేళ్ళు గుర్తొచ్చాయి. అప్పుడు అర్థమైంది. అయ్యకు కళ్ళు లేవు.

ఆమె వచ్చిందని చూసి గుడ్డ ఎగరేయలేదు అతడు. ఎవరు వచ్చారో, అసలు ఎవరైనా వచ్చారో లేదో అతడికి తెలియదు. ఏ కొండ మీదనైనా ఏ గురికాడైనా ఉండకపోతాడా అని, ప్రతి మధ్యాహ్నం, ఇన్ని ఎండల్లో, ఆ గుడ్డను గాలికి వదులుతూనే ఉన్నాడు.

తుపాకిమోత లోయలో కొండకూ కొండకూ కొట్టుకుని అన్ని దిక్కులనుంచీ తిరిగివచ్చింది. అది ఎటునుంచి పుట్టిందో అతడు పోల్చుకోలేకపోయాడు. మొహం ఉత్తరానికి తిప్పి, అక్కడ ఏ మనిషీ లేని బోడిబండల వైపు పిలిచాడు. గాలి ఆ పిలుపును ఇవతలికి మోసుకొచ్చింది. గొంతు సన్నగిల్లింది కానీ అదే గొంతు.

"ఎవరయ్యా అది? ఎవరో చెప్పు."

"నేను, మైలమను" అని అరిచింది ఆమె. గాలి ఆ మాటను ఆమె నోట్లోకే కుక్కేసింది. మళ్ళీ అరిచింది. గొంతు చిరిగేలా అరిచింది. ఎదురుగాలికి ఒక్క అక్షరమూ లోయ దాటలేదు.

"ఉన్నావా, వెళ్ళిపోయావా?" అన్నాడు నూంకయ, ఉత్తరపు బండలతో.

కోట పక్కద్వారం తెరుచుకుంది. బల్లేలు పట్టుకున్న భటులు బిలబిలమంటూ మెట్లదారిన లోయలోకి దిగుతున్నారు. పొగ లేచిన చోటు వాళ్ళు చూశారు. ఆమె అవతలికి చేరాలంటే దారి అదొక్కటే, లోయ అడుగునుంచే. కొమ్ముబుర్రలో మిగిలింది ఒక్క దెబ్బకు సరిపడే మందు. కింద ఎదురయ్యే మొదటి భటుడికి అది అవసరం.

మైలమ కొమ్ముబుర్రను పూర్తిగా గొట్టంలోకి వంచింది. గుండు వేయలేదు. గుడ్డపీలిక మాత్రం గట్టిగా కూరి, తుపాకిని ఆకాశానికెత్తి కాల్చింది.

మోత లోయ నిండా తిరిగింది. నూంకయ తల పక్కకు వంచి, చివరి ప్రతిధ్వని ఆగేదాకా విన్నాడు. తర్వాత వీపు గోడకానించి, మెల్లగా జారి కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మనిషి వస్తాడని తెలిసినవాడు కూర్చునే తీరది.

మైలమ ఖాళీ తుపాకిని వీపుకు కట్టుకుని, మొదటి బండ అంచు పట్టుకుని లోయలోకి దిగింది.